మెట్ల మలుపులో పసుపు తీగ

శనివారం నాడు మెట్ల మలుపులో ఉన్న పసుపు తీగకు నేను పురికొసతో ముడి వేశాను. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది.

మా ఇంట్లోకి ఇంటర్నెట్ వచ్చేది ఆ తీగలోంచే. వీధి స్తంభం నుంచి మేడ మీదికి, అక్కడి నుంచి మెట్ల గోడ పట్టుకుని కిందికి, మా తలుపు పైనున్న కంతలోంచి లోపలికి వస్తుంది. బిగించినవాళ్ళు మిగిలిన రెండు బారల తీగను కోయకుండా చుట్ట చుట్టి, మలుపులో మేకుకు తగిలించి పోయారు. పై వాటాలో ఉండే కళ్ళద్దాలాయన రోజూ దాని పక్క నుంచే ఎక్కాలి, దిగాలి.

ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. ఒంటరి మనిషి. ఆయన వాటాలోకి ఏ తీగా పోదు. అయినా సాయంత్రమయితే ఫోను చూసుకుంటూ ఒక్కడే నవ్వడం కిందికి వినిపిస్తుంది. ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తున్నట్టు? మా చుట్టలోంచే అని నా అనుమానం. శుక్రవారం మా ఇంట్లో నెట్టు నత్తలా నడిచింది. ఆ రోజు పైన నవ్వు మరీ ఎక్కువగా వినిపించింది.

నేను ముప్పై ఎనిమిదేళ్ళు పార్సిల్ ఆఫీసులో కట్టలు కట్టాను. కట్టడం సగం పని. దారిలో ఎవరైనా విప్పారా అని చూడటం మిగతా సగం. దానికి మాదొక ముడి ఉంది. రెండు చుట్లు తిప్పి, కింది నుంచి లాగి, పంటితో బిగించాలి. విప్పినవాడు మళ్ళీ అలాగే వేయలేడు. ముడి మారిందంటే సరుకు మారినట్టే. పసుపు తీగ చుట్టను అరచేయంత చేసి ఆ ముడి వేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పి పెడితే అది కాపలా ఎట్లా అవుతుంది?

సోమవారం పదకొండు దాటి పది నిమిషాలకు రౌటర్ మీద ఎర్ర దీపం వెలిగింది.

రౌటర్ బీరువా మీద ఉంటుంది. దానికి నాలుగు దీపాలు. మూడు పచ్చగా ఉన్నా సరే, నాలుగోది ఎర్రబడితే మా కోడలి పని ఆగిపోతుంది. ఆమెది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. బట్టలు ఉతికే మిషన్ల కంపెనీకి వచ్చే ఫోన్లు ఎత్తుతుంది. నీళ్ళు కారుతున్నాయని ఒకరు, తిరగడం లేదని ఒకరు, మిషన్ తమను చూసి అరుస్తోందని ఒకరు చేస్తారు. అంతకుముందు బట్టల కొట్లో నిలబడి అమ్మేది. మోకాలు అరిగింది. పది నిమిషాలు నిలబడితే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. కూర్చుని చేసే పని కోసం పదకొండు నెలలు వెతికితే ఇది దొరికింది. లైను తెగినప్పుడల్లా ఆఫీసులో ఒక గుర్తు పెడతారు. నెలలో మూడు గుర్తులు పడితే పేరు తీసేస్తారు. మావాడు లారీ మీద నెలలో ఇరవై రోజులు బయటే. ఇంట్లో ఉండేది నేనూ ఆమే.

ఆమె ప్లగ్ పీకి, ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ పెట్టింది. ఎరుపే. వెనక తీగలన్నీ ఒక్కొక్కటే లోపలికి నొక్కింది. ఎరుపే. జడపిన్నుతో వెనకున్న చిల్లులో నొక్కబోయి, పాస్‌వర్డ్ అంతా చెరిగిపోతుందేమోనని ఆగింది. నెట్టు కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కమన్నారు, నాలుగు నొక్కమన్నారు, పాట వినిపించారు. చివరకు ఒకమ్మాయి వచ్చి ప్లగ్ తీసి ముప్పై సెకన్లు ఆగి పెట్టమంది.

కోడలు ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నా వైపు చూసింది. "పొద్దుట్నుంచి నేను జనానికి చెప్తున్నదీ ఇదే మామయ్యా" అంది.

మనిషిని బుధవారం పంపుతామన్నారు.

సాయంత్రం ఆమె టీమ్ లీడర్ ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టడం వల్ల నాకూ వినిపించింది. లైను తెగిన సమయానికి ఒక పెద్దమనిషి మా కోడల్ని తిడుతున్నాడట. ఆ తిట్లు తప్పించుకోవడానికి ఈమే తీగ పీకేసిందేమోనని ఆవిడ అనుమానం. మర్యాదగానే అడిగింది. అరిటాకులో ముల్లు పెట్టి ఇచ్చినట్టు ఉంది ఆ మర్యాద. గుర్తు మాత్రం పెట్టేసింది.

ఫోను పెట్టేశాక కోడలు నన్ను అడిగింది. మనిషి లేని గదిలో దీపం కనిపిస్తే ఆర్పేసే అలవాటు నాకు ఉంది. రౌటర్ స్విచ్ గానీ కట్టేశానా అని ఆమె భయం. స్విచ్ జోలికి పోలేదన్నాను. అది నిజమే. ముడి గురించి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

మంగళవారం తెల్లారి చూస్తే నాలుగో దీపం పచ్చగా ఉంది. ఆమె తేలికపడి పనికి కూర్చుంది. నేను మాత్రం మెట్లెక్కి మలుపు దాకా పోయాను. నా ముడి లేదు. చుట్ట పళ్ళెమంత వెడల్పుగా వేలాడుతోంది. పురికొసను బూటు లేసు కట్టినట్టు పువ్వు ముడి వేసి వదిలేశారు.

దొరికాడు అనుకున్నాను.

ముడి ఊడింది, దీపం పచ్చబడింది. ఈ రెండింటికీ ఏదో సంబంధం ఉందని నాకూ తట్టింది. తలకిందులుగా తట్టింది. రాత్రంతా తన అవసరం తీర్చుకుని, తెల్లారి మా వాటా మాకు వదిలేశాడని తేల్చుకున్నాను. ఈసారి పురికొస రెండు పేటలు చేశాను. ముళ్ళు రెండు. చుట్టను మోకాలి కింద పెట్టి నొక్కితే పిడికిలంత అయింది. పార్సిల్ ఆఫీసులో గాజుసామాను పెట్టెలకు కూడా అంత గట్టి కట్టు కట్టలేదు.

గంట గడవలేదు. ఎర్ర దీపం వచ్చింది. రెండో గుర్తు.

ఆ రోజంతా కోడలు రౌటర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ప్లగ్ ఎన్నిసార్లు తీసి పెట్టిందో లెక్కలేదు. నేను మెట్ల మీద కూర్చున్నాను. నా మీద కక్షతోనే ఈసారి పైన ఎక్కడో తీగ నొక్కిపెట్టాడని నా నమ్మకం. ఏడు గంటలకు కళ్ళద్దాలాయన దుకాణం నుంచి వచ్చాడు. నమస్కారం పెట్టాడు. నేను పెట్టలేదు.

"మా తీగను ముట్టుకున్నది మీరేనా?" అని అడిగాను.

ఆయన మొహం పాలిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, గబుక్కున చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"ముట్టుకున్నానండీ. కానీ..."

ఆ కానీ తర్వాత వచ్చేది నేను వినలేదు. పార్సిల్ ఆఫీసులో చాలా కానీలు విన్నాను. ఇంకోసారి ముట్టుకుంటే ఇంటి ఓనరుకు చెప్పి గది ఖాళీ చేయిస్తానని చెప్పి వచ్చేశాను.

ఆయనే ఒప్పుకున్నాడని కోడలికి చెప్పాను. ఆమె వెంటనే నమ్మలేదు. తన కళ్ళజోడు కాడ విరిగితే ఊరికే అతికి ఇచ్చిన మనిషి, ఇలా ఎందుకు చేస్తాడంది. మంచితనాన్ని ముందు పంపి చెయ్యి వెనక పెట్టేవాళ్ళను చాలామందిని చూశానన్నాను. ఆమె మోకాలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. అప్పటికే టీమ్ లీడర్ నుంచి మెసేజ్ వచ్చింది. తెగడానికి కారణమేమిటో నెట్టు కంపెనీ రాసిచ్చిన కాగితం బుధవారం మధ్యాహ్నం పన్నెండులోగా పంపాలి. లేకపోతే మూడో గుర్తు.

బుధవారం పదిన్నరకు లైను చూసే ఆవిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. భుజాన నిచ్చెన, నడుముకు సంచీ. ఆవిడ చేతులు ఎటు పోతే నా కళ్ళు అటు పోయాయి. గమనించినట్టుంది, సంచీ విప్పి లోపలేముందో నాకు చూపించింది.

"ఏమీ ఎత్తుకుపోను పెద్దాయనా. మీ ఇంట్లో పనికొచ్చేది ఒక్కటే, అదీ పాడైపోయింది" అంది.

రౌటర్ వెనక నుంచి పసుపు తీగ పీకి, దాని మొనకు పెన్ను లాంటి చిన్న దీపం తగిలించింది. ఎర్రటి వెలుగు. తీగలో కరెంటు ఉండదనీ, వెంట్రుకంత సన్నటి గాజు ఉంటుందనీ, దాంట్లోంచి పోయేది వెలుగనీ చెప్పింది. ఎక్కడ చిక్కుందో అక్కడ ఆ వెలుగు బయటికి కారి కనిపిస్తుందట. మేం ముగ్గురం తీగ వెంట బయటికి వచ్చాం. బుధవారం కళ్ళద్దాలాయనకు సెలవు. మాటలు విని ఆయనా పై మెట్టు మీద నిలబడ్డాడు.

మెట్ల మలుపు చీకటిగా ఉంటుంది. అక్కడ నా చుట్ట నిప్పుకణికలా వెలుగుతోంది. రెండు ముళ్ళ దగ్గరా ఎరుపు ఉబికి ఉబికి వస్తోంది.

"వెలుగంతా ఇక్కడే పోతోంది. గాజు కదా, కొంచెం వంచితే ఒకటి రెండు రోజులు ఓర్చుకుంటుంది, ఇంతగా వంచితే లోపల నిలవదు. ఎవరమ్మా ఇట్లా పగబట్టినట్టు కట్టింది?" అని ఆవిడ అడిగింది.

కోడలు తల ఎత్తి కళ్ళద్దాలాయన వైపు చూసింది. ఆ చూపు నేను నేర్పిందే.

లైను చూసే ఆవిడ సంచీలోంచి కాగితం తీసింది. కారణం రాసే చోట మూడు గళ్ళు ఉన్నాయి. కంపెనీ తప్పు, ఇంటివాళ్ళ తప్పు, బయటివాళ్ళ పని. బయటివాళ్ళని రాస్తే మీ ఆఫీసుకు సరిపోతుందని కోడలికి చెప్పింది. కానీ అప్పుడు ఆ మనిషి మీద కంపెనీ ఫిర్యాదు పెడుతుంది. ఇంటివాళ్ళని రాస్తే ఆఫీసు ఏమంటుందో తనకు తెలియదంది.

"నేను విప్పాను, ఇట్లా కట్టలేదు" అన్నాడు కళ్ళద్దాలాయన. నాతో కాదు, ఆవిడతో. "నిన్న పొద్దున్నే విప్పాను. గాజు పని నాది. అంత బిగిస్తే వెలుగు పోదని తెలుసు. చెబుదామంటే ఈయన పలకరించినా పలకరు."

"మామయ్యా, ఆయనే ఒప్పుకున్నాడన్నారు కదా" అంది కోడలు.

ముగ్గురూ నా వైపు చూశారు. మాట్లాడకపోవడం నాకు కొత్త కాదు. మాట్లాడనివాడి మీద ఎవరూ ఏదీ పెట్టలేరు. ఇంకొక్క నిమిషం అలాగే ఉంటే చాలు. ఆవిడ మూడో గడిలో టిక్కు పెడుతుంది, కాగితం పన్నెండులోగా పోతుంది, కోడలు కుర్చీలో ఉంటుంది. ఆమె అప్పటికే నిలబడలేక గోడకు చెయ్యి ఆనించింది. నేను ముడి వైపు చూశాను. మంచి ముడి. ముప్పై ఎనిమిదేళ్ళలో అంత బాగా వేసింది లేదు. అలాంటిది వేయడం ఈ ఇంట్లో ఇంకెవరికీ రాదు.

"ముడి నాది" అన్నాను.

లైను చూసే ఆవిడ "కంచే చేను మేసిందన్నమాట" అని, కత్తెర తీసి పురికొస కత్తిరించింది. చుట్ట విచ్చుకుంది. మెట్ల మీద ఎరుపు ఆరిపోయింది. లోపలికి పోయి తీగ పెడితే నాలుగో దీపం పచ్చబడింది. కాగితం మోకాలి మీద పెట్టుకుని "ఏ గడి?" అని అడిగింది. నన్ను కాదు, కోడల్ని అడిగింది.

కోడలు నా మొహంలోకి చూసింది. ఆ చూపు కంటే తిట్టినా బాగుండేది.

"ఉన్నదే రాయండి" అంది.

పన్నెండుకు పది నిమిషాలుండగా కాగితం పోయింది. పన్నెండుకు ఐదు నిమిషాలుండగా టీమ్ లీడర్ ఫోన్ వచ్చింది. తప్పు ముసలాయన మీదికి తోసేస్తున్నారేమోనని ఆవిడ కొత్త అనుమానం. నాకు ఫోను ఇమ్మంది.

"తీగ మీరే కట్టారా?"

"కట్టాను."

"ఎందుకు?"

"దొంగ కోసం."

"దొరికాడా?"

"నేనే."

"మీ కోడలు చెప్పమంటే చెప్తున్నారా?" అంది.

కోడలు వంగి ఫోను దగ్గర నోరు పెట్టింది. "మేడమ్, ఆయన నెలకు పది మాటలు మాట్లాడరు. అందులో నాలుగు మీకే ఇచ్చేశారు. అబద్ధానికి అన్ని ఖర్చు పెట్టే మనిషి కాదు" అంది.

ఆవిడ నవ్విందో, దగ్గిందో తెలియలేదు. తెలియక జరిగింది కాబట్టి మొదటి గుర్తు కొట్టేస్తానంది. ఒకసారి తెగాక ఇంట్లో ఎవరేం చేస్తున్నారో చూసుకోవాల్సింది కాబట్టి రెండోది ఉంచుతానంది. ఉద్యోగం ఉంది. అయితే ఈ నెలాఖరు దాకా పని చేసేటప్పుడు కెమెరా వేసి ఉంచాలి. అందులో రౌటర్ కనిపించాలి. మామగారు కూడా కనిపించాలి.

మధ్యాహ్నం మేడ ఎక్కి కళ్ళద్దాలాయన తలుపు కొట్టాను. నిన్న అన్నది తప్పని చెప్పాను. ఆయన తలుపు సగమే తీసి, సరేనండీ అన్నాడు. మిగతా సగం తీయలేదు. తీయమని అడిగే ముఖం నాకు లేదు. ఇప్పుడు ఆయన మలుపు దగ్గర తీగకు దూరంగా, అవతలి కమ్మీ పట్టుకుని దిగుతున్నాడు.

నేను రోజూ తొమ్మిదింటికి స్నానం చేసి వచ్చి బీరువా పక్కన స్టూలు మీద కూర్చుంటున్నాను. ఐదింటి దాకా అక్కడే. కోడలు ఎవరికో మిషన్ ప్లగ్ తీసి ముప్పై సెకన్లు ఆగి పెట్టమని చెబుతూ ఉంటుంది. ఫోనుకీ ఫోనుకీ మధ్య చెవుల మీది హెడ్‌ఫోన్‌ను కాస్త పక్కకు జరిపి నా వైపు తిరుగుతుంది.

"చేతులు కనిపించేలా పెట్టుకోండి మామయ్యా" అంటుంది.

పెట్టుకుంటాను.