నాలుగో జవాబు

తాము నడిపే హాస్టల్లో ఉండి జావా కోర్సు నేర్చుకునే నలభై మంది అమ్మాయిల కోసం రాగసుధ చపాతీ పిండి కలుపుతుంటే, దుర్గేష్ వచ్చి ఆమె నోటి ముందు ఎర్ర క్యాప్సూల్ పెట్టాడు. చేతులు పిండిలో ఉన్నాయి కదా, నోరు తెరవక తప్పలేదు. మింగిందో లేదో చూసి మరీ వెళ్ళాడు. పెళ్ళయిన పదేళ్ళలో ఏనాడూ జ్వరం వస్తే నుదురు ముట్టి చూడని మొగుడు, రెండు నెలలుగా ఇంత శ్రద్ధ చూపిస్తుంటే ఏ ఆడదానికైనా అనుమానం రాదూ?

రెండు నెలల క్రితం ఇదే వంటింట్లో గ్యాస్ సిలిండర్ పేలింది. అంతకు ముందు నాలుగు రోజులుగా వాసన వస్తోందని ఆమె మొత్తుకుంటూనే ఉంది. "నీ ముక్కు మరీ ఎక్కువలే" అన్నాడు దుర్గేష్. "వంట తప్పించుకోడానికి వంకలు" అంది అత్తగారు దుర్గాంబ. ప్రాణం దక్కింది గానీ రెండు చెవులూ పోయాయి. ఆమె చివరిసారి స్పష్టంగా విన్న మాటలు ఆ రెండే.

పంజాగుట్టలో చెవి డాక్టరు దుర్గేష్ వంకే చూస్తూ పది నిమిషాలు మాట్లాడాడు. కాగితం మీద చెవి బొమ్మ గీశాడు, చెవికి పెట్టుకునే చిన్న మెషీను తీసి చూపించాడు. ఇంతా చేస్తే బయటికొచ్చాక దుర్గేష్ ఆమె సెల్లుకి పంపింది ఒక్క ముక్క: మందులతో తగ్గుద్దంట. మరి మెషీను సంగతేమిటి? అడిగితే మొహం చిట్లించాడు. రిపోర్టు ఎక్కడ దాచాడో తెలీదు. వారం తిరక్కుండా డాక్టరు మందులు మానిపించి, యాంటీ ఆక్సిడెంట్ల డబ్బాలు తెచ్చి పెట్టాడు. పేలుడు దెబ్బకి ఒంట్లో తుప్పు పడుతుందట, ఇవి ఆ తుప్పు వదిలిస్తాయట.

ఆ డబ్బాలు అమ్మే చెయిన్ మార్కెటింగ్‌లో అతను చేరాడని, అమీర్‌పేటలో ఓ హోటల్ హాల్లో తనని స్టేజీ ఎక్కించాక గానీ ఆమెకు తెలియలేదు. ఆదివారం వస్తే చాలు, లీడర్ రామ్మోహనరావు మైకులో నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. జవాబులు దుర్గేష్ ముందే బట్టీ పట్టించాడు, ముందు వరసలో కూర్చుని వేళ్ళు చూపిస్తాడు. ఒకటంటే సిలిండర్ పేలింది. రెండంటే ఏమీ వినబడేది కాదు. మూడంటే ఇప్పుడు చక్కగా వినబడుతోంది. నాలుగంటే డాక్టరు మందులన్నీ మానేశాను. జనం చప్పట్లు కొడతారు, అవీ ఆమెకు వినబడవు. చెవిలో మెషీను కనబడితే ఈ నాటకం సాగదని తట్టిన రోజున ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అయినా ప్రతి ఆదివారం స్టేజీ ఎక్కింది. పోనీలే, నా చెవులే కదా అనుకుంది. ఆడపిల్లలకి ఈ పోనీలే అనడం ఎవరు నేర్పుతారో గానీ, బాగా నేర్పుతారు.

ఒక ఆదివారం మాత్రం నాలుగు ప్రశ్నలూ అయిపోయాక, బురఖా వేసుకున్న ఒకావిడ లేచి ఏదో అడిగింది. పక్కన ఇంటర్ చదివే వయసు కూతురు, రెండు చెవుల్లోనూ దూది. ఆ పిల్ల ఒళ్ళో నోట్‌బుక్ ఉంది. మీటింగులో ఎవరేమన్నా తల్లి అందులో రాసి చూపిస్తూనే ఉంది. రాగసుధ కోసం ఎవరూ ఇన్ని మాటలు రాయలేదు.

దుర్గేష్ నాలుగు వేళ్ళు ఎత్తాడు. ఆమె చూపు ఆ నోట్‌బుక్ మీంచి కదల్లేదు. మళ్ళీ ఎత్తాడు, ఈసారి కళ్ళెర్రజేసి.

రాగసుధ చేతిలో మైకుతోనే స్టేజీ దిగింది. ఆ పిల్ల దగ్గరికెళ్ళి, మీ అమ్మ అడిగింది రాయమన్నట్టు నోట్‌బుక్ వైపు చెయ్యి చాపింది. పుస్తకం అట్ట మీద యుస్రా అని పేరుంది. యుస్రా ఆమె మొహంలోకి కాసేపు చూసి, తనే పెన్ను తీసి గబగబా రాసింది.

'మా అబ్బాజాన్ పంచర్ షాపుల కంప్రెషర్ పేలింది. డాక్టర్ గోలీలు బంద్ చేసి గివి వెయ్యాల్నా అని అడిగింది అమ్మీ. నాకు భయమైతుంది. మీకు నిజంగ వినబడుతుందా అక్కా?'

దుర్గేష్ లేచి వచ్చేస్తున్నాడు. రాగసుధ అతని వైపు చూడలేదు. మైకు నోటి దగ్గర పెట్టుకుని, హాలంతటికీ వినబడేలా ఆ పిల్ల తల్లితో చెప్పింది.

"మీ అమ్మాయికి డాక్టరు మందులు మానిపించొద్దమ్మా. నాకేమీ వినబడదు. వినబడితే, మీరడిగింది మీ పిల్ల చేత రాయించుకునేదాన్నా?"