నిరుటి బొట్టు

విజయదశమి మర్నాడు ఉదయ్‌భాస్కర్ కొవ్వూరులో తన వీడియో గేముల షాపు తెరిచి, స్పిరిట్ సీసా, దూది ముందేసుకున్నాడు. ఆయుధపూజలో భార్య శ్రీసుధ అద్దెకిచ్చే గేమ్ క్యాసెట్లన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టింది, అదీ అడుగునున్న రాగి గీతల మీద. అక్కడ మురికుంటే టీవీలో బొమ్మ రాదు.

"పైన లేబుల్ మీద పెట్టొచ్చుగా. నిరుడూ చెప్పాను," అన్నాడు షాపు ఊడుస్తున్న ఆమెతో.

"పనిచేసేవి ఆ గీతలేనని మీరే అన్నారు కదండీ," అందామె.

వాదించే ఓపిక లేదు. ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్ ముందు పిల్లల సైకిళ్లు రోడ్డు మీదికొచ్చేశాయి. నిరుడు, ఎవరైనా అడిగినప్పుడు తుడిచివ్వచ్చులే అని వదిలేశాడు. ఈసారి అన్నీ ఒకేసారి తుడిచేద్దామని మొదటి క్యాసెట్ తీశాడు.

దూదికి కొత్త పసుపు అంటింది. దాని కింద గట్టిపడిన నిరుటి బొట్టుంది. రెండోదాని మీదా ఉంది. మూడోదాని మీదా ఉంది.

ఉదయ్‌భాస్కర్ సీసాకి మూత పెట్టేశాడు.