అంచు కుట్టని కర్టెన్

అద్దెకి చూడ్డానికొచ్చిన ఆ గదిలో కత్తెరక్క నేరుగా కిటికీ దగ్గరికే వెళ్లింది. కిటికీ పైకప్పు దగ్గర మొదలై దాదాపు నేల దాకా దిగింది. అందులోంచి వచ్చిన వెలుతురు, ఇల్లు తనదే అన్నట్టు నేల మీద కాళ్లు చాపుకుని పడుకుంది. ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేదు. కర్టెన్ల దుకాణంలో చేరిన రోజు నుంచీ మెడలో కత్తెర వేలాడేది, పేరూ అదే అయికూర్చుంది. ఇప్పుడు ఆ దుకాణం మానేసి సొంతంగా కుడుతోంది.

"ఎక్కడ పనిచేస్తావమ్మాయ్?" ఇంటావిడ అడిగిన మొదటి మాటే ఇది.

"నా దగ్గరేనండి."

"అంటే?"

"సొంతంగా. కర్టెన్లు కుడతాను."

"మరి నీకు నువ్వు జీతం ఇచ్చుకోకపోతే అద్దెకి నేనెవరి పీక పట్టుకోవాలి?"

తోడొచ్చిన వదిన ఊరుకుంటుందా? "దాని పీకే పట్టుకోండి పిన్నిగారూ. నేను రోజూ చేసే పని అదే."

ఇంటావిడ నవ్వలేదు. యజమాని దగ్గర్నుంచి కాగితం తెమ్మంది. ఉద్యోగం ఉందనీ, నమ్మదగ్గ మనిషేననీ ఆయన రాసివ్వాలట. చూశారా లోకం తీరు! ఎప్పుడు పొమ్మంటారో తెలియక ఒకరి గుమ్మంలో వణుకుతూ నిలబడేవాడు నమ్మకస్తుడు. తన చేతుల్ని తాను నమ్ముకున్న మనిషి అనుమానితురాలు. మెడకి పట్టీ లేని కుక్కని చూసినట్టు చూస్తారు. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

దారిలో వదిన అందుకుంది.

"మీ పాత యజమానినడుగు. ఇంకా తన దగ్గరే చేస్తున్నావని రాసిస్తాడు. ఆయన సొమ్మేం పోయింది?"

"ఆయనకేం పోదు వదినా. ఇల్లు ఆయన్ని చూసి ఇచ్చినట్టవుతుంది. నన్ను చూసి కాదు."

"అబ్బో, మహారాణిగారు! మీ అన్నయ్య రోజూ నీ మిషనుకి కాలు కొట్టుకుని ఎగురుతుంటే ఈ రోషం ఎక్కడ దాక్కుంటుందో!"

ఆ మాటలో ముల్లుంది గానీ విషం లేదు. ఆమె ఉంటున్న అన్నయ్య ఇల్లు ఇరుకు. బరువైన కర్టెన్‌ని పైన కుట్టేశాక, కింద అంచు మడవకుండా ఒక పూట వేలాడదీయాలి. బట్ట తన బరువుకి తానే సాగి, దిగాల్సినంత దిగుతుంది. అప్పుడు మడిచి కుట్టాలి. తొందరపడి ముందే కుడితే ఒక మూల నేల ఊడుస్తుంది, ఇంకో మూల గాల్లో తేలుతుంది. అన్నయ్య ఇంట్లో అంత ఎత్తు లేక, వేలాడదీయకుండానే కుట్టిన కర్టెన్ ఒకటి ఈమధ్యే తిరిగొచ్చింది. ఇంకొకటి తిరిగొస్తే మళ్లీ పాత దుకాణమే గతి. "నీ స్టూలు అలాగే ఉంచాను" అని యజమాని నవ్వుతూ కబురు కూడా పంపాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకి ఒళ్లు మండుతుంది.

మర్నాడు మధ్యాహ్నం వెలుతురు చూసుకుంటానని బతిమాలి తాళం అడిగింది.

"చూసుకో. ఇస్తానని మాత్రం అనలేదు, గుర్తుపెట్టుకో. ఆఫీసులో పనిచేసే అబ్బాయొకడు చూడ్డానికొస్తానన్నాడు" అంది ఇంటావిడ.

సంచిలో అంచు కుట్టాల్సిన కర్టెన్ ఉండనే ఉంది. కిటికీకి రెండు వైపులా పాత మేకులున్నాయి. కత్తెరక్క ముందూ వెనకా ఆలోచించలేదు. తాడు కట్టింది, బట్ట వేలాడదీసింది. పొగమంచు రంగు బట్ట. ఎండ దాని గుండా వచ్చేసరికి గది గదంతా పాలు కలిసిన నీళ్లలా అయిపోయింది. ఆమె నేల మీద వాలింది. బట్ట ఊపిరి పీల్చి వదులుతోంది. గోడలు మెల్లగా కదిలాయి. ఇల్లు వీధిలోంచి విడివడి, మిద్దెల మీదుగా, చప్పుడు లేకుండా పడవలా సాగిపోయింది. పాత యజమాని మెడలో టేపుతో ఈదుకుంటూ కిటికీ పక్కకొచ్చాడు. ఆమెని అడ్డంగా, నిలువుగా కొలిచి "నీకు ఈ పన్నా వెడల్పు చాలదు" అన్నాడు. "చాలకపోతే అతుకేసుకుంటా, నువ్వు ఈదు!" అంది. ఆయన చిన్నవాడై, చిన్నవాడై, గుండీ అంతయ్యాడు.

"ఏయ్ అమ్మాయ్! లే!"

గుమ్మంలో ఇంటావిడ. మొహం కందగడ్డలా ఉంది.

"ఇల్లు ఇవ్వకముందే కర్టెన్లు కట్టేస్తావా? ఆ అబ్బాయి వీధిలోంచి ఇది చూసి, ఎవరో దిగిపోయారనుకుని వెళ్లిపోయాడట! ఎదురింటివాళ్లు చెప్పారు."

కత్తెరక్క తుళ్లిపడి లేచింది. ఇది తన కర్టెన్ కాదనీ, ఎవరో కుట్టమని ఇచ్చిందనీ, అంచు దిగడానికి వేలాడుతోందనీ తడబడుతూ చెప్పింది. చెబుతుంటే తనకే సిగ్గేసింది.

"సర్లే. కాగితం తెచ్చావా?"

"లేదండి. తేగలను. పాత యజమాని అబద్ధం రాసిస్తాడు. కానీ తేను."

"అబద్ధమని నాకెలా తెలిసేది?"

"తెలిసేది కాదు."

ఇంటావిడ ఆమెని ఎగాదిగా చూసింది.

"రేపు జ్వరమొస్తే?"

"పని ఆగుతుంది. మీ గుమ్మంలోకి నేనే వచ్చి చెబుతాను. దాక్కోను."

"మాటలు బాగానే ఉన్నాయి. తీసెయ్ అది. ఆ అబ్బాయిని మళ్లీ రమ్మంటాను."

"రమ్మనండి. సాయంత్రం దాకా మాత్రం తీయను. ఇప్పుడు తీస్తే పని పాడవుతుంది."

"నా ఇంట్లో నాకే షరతా!"

అరిచింది గానీ, మెట్లెక్కొచ్చిన ఆయాసానికి గోడకి చేరబడి అక్కడే కూలబడింది. గాలికి బట్ట పొంగింది, తగ్గింది. ఆ పాలవెలుతురు ఇంటావిడ కాళ్ల మీదికి పాకింది. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ, ఈ గదిని ఎప్పుడూ చూడనట్టు నాలుగు మూలలూ చూసింది. కత్తెరక్కకి ఇల్లు మళ్లీ వీధి విడిచిపెట్టినట్టనిపించింది. ఈసారి పడవలో ఇద్దరున్నారు.

ఫోను మోగింది. ఇంటావిడ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఆ, నేనే బాబూ... కర్టెన్ చూశావా?"

ఇంటావిడ కిటికీ వైపు చూసింది, కత్తెరక్క వైపు చూసింది.

"అవును నాయనా. నువ్వు అనుకున్నదే. ఇచ్చేశాను."

ఫోను ఒళ్లో పడేసుకుని, "అలా గుడ్లప్పగించి చూస్తావేంటి? ఇంకా ఎంతసేపు దిగుతుంది నీ బట్ట?" అని కసిరింది.

"ఇంకాస్త దిగాలండి."

"దిగనీ" అంటూ ఇంటావిడ కాళ్లు చాపుకుంది.