ఇయ్యాల పని

"జర కాళ్ళు పైకి గుంజుకోండ్రి!"

దవాఖానా వరండాలో బకెట్టెడు నీళ్ళు కుమ్మరించి మార్తమ్మ చీపురుతో బరబరా తోసింది. పొట్టి మనిషి. యాభై దాటాయి. ఫినాయిలు నీళ్ళలో నాని నాని వేళ్ళ సందులు తెల్లగా పగిలిపోయాయి. ఇరవై ఏళ్ళుగా అక్కడ ఆయా. మెదక్‌లో ఆమెకు కోపిష్టిదని పేరు.

ఆ కోపం పుట్టుకతో వచ్చింది కాదు. భర్త గాబ్రియేలుకూ అతని తమ్ముడికీ మాటల్లేని రోజుల్లో, ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ "రేపు పోయి తమ్మునితోని మాట్లాడ్త" అన్నాడతను. తెల్లారేసరికి కలరా వచ్చి పోయాడు. శవం మీద పడి తమ్ముడు ఏడ్చిన ఏడుపు మార్తమ్మ చెవుల్లోంచి పోలేదు. దేవుడు ఇచ్చింది ఒక్క ఇవాళేనని అప్పుడు ఆమెకు అర్థమైంది. రేపు అనే మాట వింటే ఒళ్ళు మండేది. శాంతంగా ఉండమని పాస్టరుగారు చెప్తే, "దేవునితోని సుత గిట్లనే మాట్లాడ్త అయ్యగారూ. ఆయన ఏమంటలేడు" అంది.

పంతొమ్మిది వందల అరవై ఆరో సంవత్సరం ఎండాకాలమది. బావులు అడుగంటి ఊళ్ళలో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. మధ్యాహ్నం టేక్మాల్ నుంచి ఐలమ్మ అనే ఆవిడ తన కూతురు శివమ్మను బండిలో వేసుకొచ్చింది. పిల్ల కళ్ళు గుంటలు పడ్డాయి. పెదవులు ఎండి అట్టలు కట్టాయి.

కంపౌండరు దామోదర్ కిటికీ మూయబోయాడు. "డాక్టర్ సాబ్ దొర ఇంట్ల దావత్‌కు పోయిండు. రేపు పొద్దుగాల రండ్రి."

మార్తమ్మ చీపురు విసిరికొట్టి రెక్కకు చెయ్యి అడ్డం పెట్టింది. "రేపు మీ జేబుల ఉన్నదా, కంపౌండర్ సాబ్? పిల్లను లోపల పండవెట్టుండ్రి. నేను పిల్చుకొస్త."

ఎండలో మైలు దూరం నడిచింది. ఇంద్రకరణ్ దొర లోగిట్లో పెద్దవాళ్ళంతా విస్తళ్ళ ముందు కూర్చున్నారు. చెమటకు తడిసిన చీరతో ఆమె నేరుగా పంక్తి మధ్యకు వెళ్ళి నిలబడింది.

"లేవుండ్రి సాబ్. పిల్ల సస్తున్నది."

డాక్టరు ముఖం ఎర్రబడింది. "దీన్ని లోపలికి ఎవరు రానిచ్చిండ్రు?"

"ఎవ్వలు రానియ్యలే. నేనే వచ్చిన. మీరు లేసేదాంక పోను."

ఎవరో గెంటబోయారు. కదల్లేదు. తినేవాళ్ళందరి చేతులూ ఆగిపోయాయి. జాలితో కాదు, అందరి ముందూ సిగ్గేసి డాక్టరు లేచాడు. ఆమెను వదిలేసి జీపు వెళ్ళిపోయింది. గుండె పట్టుకుని, గోడల నీడన ఆగుతూ ఆగుతూ మార్తమ్మ నడిచి వచ్చింది.

అప్పటికే శివమ్మ చేతికి సెలైను ఎక్కుతోంది. పొద్దు వాలేవేళకు పిల్ల కళ్ళు తెరిచి "అమ్మా, దూప" అంది. ఐలమ్మ మార్తమ్మ కాళ్ళ మీద పడబోయింది.

"లే! నా కాళ్ళల్ల ఏమున్నది? బిడ్డకు చెంచతోని నీళ్ళు తాపు" అని కసిరింది మార్తమ్మ.

చేతులు తుడుచుకుంటూ డాక్టరు వచ్చాడు. "రేపటి సంది నువ్వు పనికి రాకు."

"సరే సాబ్. ఇయ్యాల పని ఇంక కాలే."

వార్డు నేల కడగడం మొదలుపెట్టింది. వాంతులు పడిన చోట మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో రుద్దింది. మూల మూలకూ నీళ్ళు కొట్టింది. చివరి మంచం కింద తుడిచాక లేవబోయి, గోడకు ఆనుకుని కూలబడింది. అలసిపోయిందనుకుంది ఐలమ్మ. కాసేపటికి నీళ్ళ చెంబు తెచ్చి భుజం తట్టింది. మార్తమ్మ తల పక్కకు వాలిపోయింది. కనుబొమలు ఇంకా ముడిపడే ఉన్నాయి.

చీకటి పడ్డాక చర్చి వాళ్ళు వచ్చి శవాన్ని మంచం మీద మోసుకుపోయారు. డాక్టరు గదిలోంచి బయటికి రాలేదు. దామోదర్ మాత్రం గేటు దాకా వెనకే నడిచాడు.

దవాఖానా వంటింటి కిటికీలో, పొద్దున ఆమె కట్టుకొచ్చిన గుడ్డమూట అలాగే ఉంది. ముడి విప్పలేదు. లోపల రెండు జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు.