కొండికి వేలాడిన డిస్కో

నాగేందర్ ఆ అద్దాల గోళాన్ని హాలు మధ్య కొండికి తగిలించిన రోజే సవిత అడిగింది.

"సంజన కాన్పు దగ్గరవడ్డది. తొట్టెల ఏడ కడ్తం?"

"అప్పటికి సూద్దాం తియ్యి," అన్నాడు నాగేందర్.

ఆ కొండి ఊరికే వచ్చింది కాదు. బోధన్‌లో ఈ ఇల్లు కట్టేటప్పుడు నాగేందర్ దేశంలోనే లేడు. స్లాబు పోసే రోజు సవిత గొడుగు పట్టుకుని మేస్త్రీ పక్కన నిలబడి, "ఈడ ఒక కొండి వెట్టు తమ్మీ, నా బిడ్డ పిల్లల తొట్టెలకు," అని చెప్పి పెట్టించింది. సంజన అప్పుడు బడికి పోయే పిల్ల. మేస్త్రీ నవ్వాడు. సవిత నవ్వలేదు.

నాగేందర్ ముందు దుబాయ్‌లో, తర్వాత నార్వే ఉత్తరపు కొసన సముద్రం ఒడ్డున ఒక చేపల ఊళ్లో పనిచేశాడు. ఊరంటే కాసిన్ని ఇళ్లు, కొయ్యల మీద ఆరేసిన చేపలు. చలికాలంలో సూర్యుడు మొహమే చూపించడు. ఆ చీకట్లో జనం శనివారం వస్తే పాత చేపల షెడ్డులో చేరి, తమ పడుచుదనం నాటి డిస్కో పాటలకు ఎగిరేవాళ్లు. ముసలాళ్లు కూడా, ఉన్ని స్వెట్టర్లతోనే. జనం తగ్గి షెడ్డు మూసినప్పుడు, దాన్ని ఊడ్చే నాగేందర్‌కు పైన తిరిగే గోళాన్ని ఇచ్చేశారు. పారేయడానికి వాళ్లకు మనసు రాలేదు, పెట్టుకోవడానికి చోటు లేదు. నాగేందర్ మాత్రం ఒక సంస్కృతిని తన చేతిలో పెట్టారనుకున్నాడు.

ఇంటికి ఎవరొచ్చినా అదే ఉపన్యాసం. "చక్కెర ఫ్యాక్టరీ మూతవడ్డంక మన బోధన్‌ల ఏం మిగిలింది? సైరన్ గూడ లేకపాయె. గా ఊర్ల సూర్యుడే లేకున్నా డిస్కో ఉండె. అందుకే మనుషులు బతికిండ్రు."

ఫ్యాక్టరీలో ఒకప్పుడు పనిచేసిన భానుప్రసాద్ తల ఊపేవాడు. "వారసత్వం అన్నా! మామూలు ముచ్చట కాదు." రెండో చాయ్ వచ్చేదాకా అలా ఊపుతూనే ఉండేవాడు.

పొద్దుగూకితే నాగేందర్ లైటు వేసి, మోటారు తిప్పి, లుంగీ ఎగ్గట్టి ఒక చేయి మీదికి, ఒక చేయి కిందికి చూపించేవాడు. గోడల మీద, దేవుడి పటాల మీద, ఉల్లిగడ్డల గంప మీద వెలుగు చుక్కలు ఉరికేవి. బియ్యం ఏరే సవితకు ఆ చుక్కల్లో గింజేదో రాయేదో తెలిసేది కాదు.

సంజనకు ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల. నాగేందర్ టెంట్‌హౌస్ నుంచి ప్లాస్టిక్ పూలు చుట్టిన ఇనుప స్టాండు ఉయ్యాల తెచ్చాడు.

"గీ కొండి తొట్టెలకే పెట్టించిన," అంది సవిత.

"గోళం దింపితే అద్దాలు ఊడుతయ్. ఎంత పాతదో తెల్సా? జర ఇజ్జత్ ఇయ్యాలె."

"నీ మనుమరాలు ఎంత పాతగైతే ఇజ్జత్ ఇస్తవయ్యా?"

మంచం మీద నుంచి సంజన కూడా అడిగింది. "బాపూ, ఇయ్యాల ఒక్కదినం తియ్యరాదే."

"నీకు తెల్వది బిడ్డా. అది ఒక్కసారి దిగిందంటే మళ్ల ఎక్కది."

ఆ ఒక్క మాట మాత్రం నిజమైంది.

వర్ని నుంచి వియ్యాలవారు వచ్చారు. వాళ్లలో పెద్దది అల్లుడి నాయనమ్మ దేవవ్వ. ఆమె మాటకు ఎదురు చెప్పినవాళ్లు ఇంతవరకు లేరు. వచ్చీరాగానే స్టాండును పట్టి ఊపింది. అది కీచుమంది.

"గిదేంది, దవఖానల సెలైన్ సీస వేలాడదీసేదా?" అని, తల పైకెత్తింది. "మరి గదేంది?"

నాగేందర్ ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. నార్వే నుంచి మొదలుపెట్టాడు. అతని కథలో సూర్యుడు మాయమయ్యేసరికి దేవవ్వ వక్క కొరికింది.

"అంటే ఎండ లేనోళ్లు కట్టుకున్నరు. మనకేం ఎండ తక్కువైందా ఇయ్యంకుడా?"

ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"సరే, పొత్రం తేండ్రి," అంది దేవవ్వ. తొట్టెలలో ముందు పిల్లను వేయరు. రోట్లో నూరే పొత్రానికి పసుపు కుంకుమ పెట్టి, దాన్ని పడుకోబెట్టి ఊపుతారు. దిష్టి ఏదైనా ఉంటే ముందు రాయికే తగలాలని.

పొత్రం వంటింట్లోనే ఉంది. పొద్దున్నే సవిత కడిగి పసుపు రాసి పీట మీద పెట్టింది. ఇప్పుడు లోపలికి పోయి చేతుల్లోకి తీసుకుంది. గుమ్మంలోంచి గోళం కనిపించింది. కాసేపు చూసింది. రాయిని గ్యాస్ సిలిండర్ వెనక్కి తోసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"లేదవ్వా. మిక్సీ వచ్చినంక ఏడ వోయిందో."

సంజన నోరు తెరిచింది. తల్లి మొహం చూసి మూసుకుంది.

"పక్కింట్ల అడుగుండ్రి."

"గీ గల్లీల అందరివి మిక్సీలే అవ్వా."

"రాయి లేకుండ పిల్లనెట్లేస్తం? గుండ్రంగ ఇంకేమున్నది ఇంట్ల?"

సవిత తల పైకెత్తి చూసిందంతే. ఆడవాళ్లందరూ పైకి చూశారు.

"గది దింపుండ్రి," అంది దేవవ్వ.

"అవ్వా, అది డిస్కో..."

"ఏదైతేంది? గుండ్రంగున్నది, వచ్చినోళ్ల కండ్లన్ని దాని మీదనే వడ్తున్నయ్. దిష్టికి గంతకన్న ఏం గావాలె?"

నాగేందర్ ఆశగా భానుప్రసాద్ వైపు చూశాడు. వారసత్వం తెలిసిన భానుప్రసాద్ లడ్డూ వైపు చూస్తున్నాడు. ఇక నాగేందరే స్టూలెక్కాడు.

దేవవ్వ గోళానికి రెండు చేతులా పసుపు పూసింది. అద్దం అద్దానికీ కుంకుమ బొట్టు పెట్టింది. జాకెట్ గుడ్డ చుట్టి ఇనుప ఉయ్యాలలో పడుకోబెడితే ఆడవాళ్లు పాట పాడుతూ ఊపారు.

"మొకం అచ్చం తాత పోలికే," అని ఎవరో అంటే పాట మధ్యలో తెగిపోయింది.

"కొండి ఖాళీయే గద ఇప్పుడు," అంది దేవవ్వ. "గా ఇనుపదాన్ని అవతల వెట్టి తొట్టెల మీద కట్టుండ్రి."

సవిత దగ్గర తాడు సిద్ధంగా ఉంది. చిన్నప్పుడు సంజన పడుకున్న పాత కట్టె తొట్టెల కూడా తుడిచి ఉంది. పిల్లను వేశారు.

"ఫంక్షనైనంక మళ్ల నా గోళం..." అన్నాడు నాగేందర్.

"దిష్టి తగిలినదాన్ని మళ్ల నెత్తి మీద కట్టుకుంటరా ఎవరన్న?" అంది దేవవ్వ.

మర్నాడు నాగేందర్ అరుగు మీద కూర్చుని పాత బ్రష్షుతో గోళం తోముతున్నాడు. అద్దాల మీది పసుపు పోయింది, సందుల్లోది పోలేదు. సబ్బు కోసం వంటింట్లోకి వచ్చి, సిలిండర్ వెనక రాయిని చూశాడు.

"సవితా! పొత్రం ఉన్నది గద!"

సవిత పొయ్యి మీది కూర కలుపుతూనే ఉంది. "ఉన్నది. సంజన తొట్టెలనాడు గూడ ఉండె. మీ అవ్వ, నేను ఊపినం. నువ్వు దుబాయ్‌ల ఉంటివి."

నాగేందర్ బ్రష్షు పట్టుకుని నిలబడిపోయాడు. హాల్లో పిల్ల ఏడుపు మొదలైంది.

"నిలవడ్డవేంది? పోయి ఊపు," అంది సవిత. "దానికి మోటార్ లేదు. చేత్తోనే ఊపాలె."