దుప్పటికి రెండో కొస

"ఒక్కసారి ఆ కొస పట్టుకోండి" అంది ఆమె, దండెం మీంచి తీసిన పెద్ద దుప్పటి భుజాన వేసుకుని లోపలికి వస్తూ.

ఆయన పట్టుకున్నాడు. పట్టుకోవడమంటే, రెండు మూలల్నీ ఎడమ గుప్పిట్లో ముద్దచేసి, కుడిచేత్తో ఏదో కాగితం చదువుకుంటూ నిలబడ్డాడు. శుక్రవారం సాయంత్రం ఏడింటికి జరగబోయే యూనియన్ సర్వసభ్య సమావేశం నోటీసు అది. "చూశావా, చివరికి దీని గతి ఇదీ. మూసేస్తారట. గది తాళాలు ఆసుపత్రివాళ్ళకి అప్పజెప్పేస్తారట. పాత సెక్రటరీనని నన్ను వచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. పుట్టించినవాణ్ణీ నేనే, మట్టి చెయ్యాల్సినవాణ్ణీ నేనే" అన్నాడు. "మూలలు విడివిడిగా పట్టుకోండి" అంది ఆమె. "ఏదో ఒకటిలే, దుప్పటేగా" అని ఆ కొస వదిలేశాడు. అది కాస్తా నేలమీద పడింది. పెద్దాసుపత్రి లాండ్రీలో ఇరవయ్యారేళ్ళుగా రోజుకి నాలుగైదు వందల దుప్పట్లు మడతపెట్టే మనిషికి ఇంట్లో ఒక్క దుప్పటికి రెండో కొస పట్టేవాళ్ళు లేరు. గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు చాచి, ఒక్కతే మడతపెట్టుకుంది.

ఆయన బాధ అబద్ధం కాదని ఆమెకి తెలుసు. ఆసుపత్రి బాయిలర్ దగ్గర పనిచేస్తూ ఆ యూనియన్ కట్టినవాడాయన. పదకొండు రోజుల సమ్మె నడిపినప్పుడు వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా జనం. గోడమీద ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. నలభైమంది మగవాళ్ళు పిడికిళ్ళెత్తి నిలబడి ఉంటారు. కుడి అంచున ఒక చెయ్యి, ఆ చేతిలో టీ కెటిల్. ఆ చెయ్యి ఆమెది. ఏడాది నిండని పిల్లని చంకనేసుకుని, ఇటుకల పొయ్యిమీద రోజుకి ఎనిమిది మార్లు టీ కాచింది. "వదిన టీ లేకపోతే మన సమ్మె మూడోరోజుకే చల్లారిపోయేది" అని వాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. ఆయన అందరికీ అన్న కాబట్టి ఆమె అందరికీ వదిన. తరవాత లాండ్రీలో ఆమెకీ ఉద్యోగం వచ్చింది, సభ్యత్వమూ వచ్చింది, పేరు మాత్రం వదినే. మీటింగు రోజున గది తాళం తీసేదీ, కుర్చీలు వేసేదీ, టీ పెట్టేదీ వదినే. టీ పెట్టేసి వంటవేళయిందని ఇంటికి పరుగెత్తేది. ఇరవయ్యారేళ్ళలో ఒక్క మీటింగులోనూ చివరిదాకా కూర్చోలేదు.

అయినా ఆ యూనియన్ అంటే ఆమెకి ప్రాణం. దాన్ని తలుచుకున్నప్పుడల్లా ఆయనకి వీధి నిండిన జనం కనిపిస్తారు. ఆమెకి గొళ్ళెం కనిపిస్తుంది. లాండ్రీ ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపుకి సమ్మెకి ముందు గొళ్ళెం ఉండేది కాదు. ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడాలి, ఆ నిలబడినందుకు మేస్త్రీ చేత తిట్లు తినాలి. సమ్మె గెలిచాక గొళ్ళెం వచ్చింది. రక్తపు గుడ్డలు పట్టేవాళ్ళకి మోచేతులదాకా తొడుగులొచ్చాయి. ఎనిమిది గంటలు కాగానే ఇంటికి పొమ్మనే సైరన్ వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ గొళ్ళెం పెట్టుకున్నప్పుడు, ఇది మనవాళ్ళు కొట్లాడి తెచ్చింది కదా అని ఒక్క క్షణం అనుకోకుండా ఉండలేదామె.

తరవాత్తరవాత ఆయనతో సహా పాతవాళ్ళు ఒక్కొక్కరే రిటైరయ్యారు, సెక్రటరీ కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. కొత్తగా తీసుకున్నవాళ్ళందర్నీ కాంట్రాక్టు మీద తీసుకున్నారు. "వాళ్ళు ఇవాళుంటారు, రేపు పోతారు. వాళ్ళతో మనకెందుకు?" అన్నాడు ఇప్పటి అధ్యక్షుడు. ఆయన స్టోరు గుమాస్తా. మీసాలు తప్ప ఇంకేమీ గుర్తుండని మనిషి కాబట్టి అందరూ మీసాలాయన అంటారు. నాలుగు వందల మంది సభ్యులు అరవై అయ్యారు. మీటింగుకి పదిమంది వస్తే గొప్ప. "ఆడవాళ్ళకి ఆసక్తి లేదు" అని మినిట్స్ పుస్తకంలో రాశారు కూడా. సాయంత్రం ఏడంటే ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీద ఏదో ఒకటి మాడిపోయే వేళని అందులో ఎవరూ రాయలేదు. ఇక ఇంట్లో ఈయన అన్నం ముందు కూర్చుని, "ఆ రోజుల్లో పులి, ఈ రోజున పిల్లి" అంటూ రోజూ అదే పాట. పులి రోజుల్లోనూ పిల్లి రోజుల్లోనూ వడ్డించింది ఆమే.

లాండ్రీలో ఆమెకి జోడీ ఒక కాంట్రాక్టు అమ్మాయి. అందరికంటే జానెడు పొడుగు కావడంతో పొడుగుపిల్ల అనే పేరు స్థిరపడిపోయింది. దుప్పటి మడత ఇద్దరి పని. చెరో రెండు మూలలూ పట్టుకుని బిగించి దులపాలి, మధ్యకి మడవాలి, ఎదురెదురుగా నడిచొచ్చి మూలలు కలపాలి, మళ్ళీ విడిపోవాలి. మిషన్ల హోరులో దూరంగా ఉన్నప్పుడు ఏం మాట్లాడినా వినపడదు. దగ్గరికొచ్చిన ఆ రెండు క్షణాల్లోనే మాట. అందుకే అక్కడి ఆడవాళ్ళ కబుర్లన్నీ ముక్కలు ముక్కలుగా ఉంటాయి. ఒక అత్తగారి కథ పూర్తవడానికి ఇరవై దుప్పట్లు పడుతుంది. గంటకోసారి జోడీలు మారతాయి కాబట్టి, పొద్దున ఒక మూల మొదలైన మాట మధ్యాహ్నానికి హాలంతా తిరిగొస్తుంది.

"వదినా, ఆ సైకిల్ స్టాండు పక్కన యూనియన్ గదిలో ఏం చేస్తారు?" అంది పొడుగుపిల్ల ఆ సోమవారం, ఒక మడతలో.

"నీకేమనిపిస్తోంది?" ఇంకో మడతలో.

"ముసలాళ్ళ ఫోటోలు దాస్తారేమో అనుకున్నా."

వదినకి నవ్వాగలేదు. గొళ్ళెం సంగతి చెప్పింది, తొడుగుల సంగతి చెప్పింది. ఏడు దుప్పట్లు పట్టింది. ఆ పిల్ల మూలలు అందించడం మానేసి నిలబడిపోయింది. "గొళ్ళెం వాళ్ళు పెట్టించిందా? నేను ముందునుంచీ ఉందనుకున్నానే!"

ఆ మధ్యాహ్నమే కొత్త సూపర్‌వైజరు నోటీసు అంటించాడు. బుధవారం నుంచి దుప్పటికి ఒక్కరే. గోడవారగా బల్లలు వేస్తారు, ఎవరి బల్ల దగ్గర వాళ్ళు నిలబడి మడతపెట్టాలి. "ఇద్దరు కలిస్తే కబుర్లే" అన్నాడతను. ఆ తరవాతి లెక్క చెప్పనక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది. ఇద్దరి పని ఒక్కరే చేస్తే సగంమంది చాలు. ఆ మిగిలే సగం కాంట్రాక్టువాళ్ళే. పొడుగుపిల్ల జీతం మీద తల్లీ, చదువుకుంటున్న చెల్లెలూ బతుకుతున్నారు.

బుధవారానికి రెండు రోజులుంది. ఆ రెండు రోజుల్లో మీటింగు పెట్టినవాళ్ళెవరూ లేరు. మడతల్లో ఒక మాట మాత్రం తిరిగింది. లాండ్రీ గోడమీద ఎర్ర అక్షరాల్లో ఒక నియమం ఉంటుంది: నేల తాకిన గుడ్డ మళ్ళీ ఉతుకుకే పోవాలి. రోగుల పక్కలమీద పరిచేవి కదా, పాత నియమం, మంచి నియమం. పెద్ద దుప్పటిని ఒక్క మనిషి బల్ల దగ్గర నిలబడి మడిస్తే దాని అంచు నేల తాకకుండా ఉండదు. బుధవారం పొద్దున ఆడవాళ్ళందరూ చెప్పినట్టే ఎవరి బల్ల దగ్గర వాళ్ళు నిలబడ్డారు. బుద్ధిగా మడిచారు. అంచు నేల తాకగానే, అంతే బుద్ధిగా ఆ దుప్పటిని ఉతుకు బుట్టలో వేశారు. పదకొండింటికి బుట్టలు నిండాయి, అరలు ఖాళీ. పన్నెండింటికి వార్డుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒంటిగంటకి హెడ్ నర్సమ్మే స్వయంగా మెట్లు దిగి వచ్చింది.

"ఎవరు చెప్పారు మీకిలా చెయ్యమని?" అని అరిచాడు సూపర్‌వైజరు.

"గోడ చెప్పింది సార్" అంది పొడుగుపిల్ల.

హెడ్ నర్సమ్మ గోడవైపు చూసి, సూపర్‌వైజరు వైపు చూసి, పెదవి బిగబట్టి వెళ్ళిపోయింది. నవ్వాపుకుందని లాండ్రీలో అందరూ ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. రెండింటికి అతను దిగొచ్చాడు. "సరే, నేనెవరితో మాట్లాడాలి? మీ నాయకుడెవరు?" అన్నాడు. నలభై మొహాలూ ఒక్కసారి వదినవైపు తిరిగాయి. తనకేం తెలుసని? టీ పెట్టడం తెలుసు. "యూనియన్‌తో మాట్లాడండి సార్" అంది, గొంతు తనది కానట్టుగా.

అతను నవ్వాడు. "శుక్రవారం మూసేస్తున్నారుగా దాన్ని! అప్పటిదాకా ఇద్దరిద్దరే కానివ్వండి. సోమవారం నేను ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడతాను."

విడివిడిగా. ఆ మాట ఆమెకి ఎక్కడో తగిలింది. ఇంటికెళ్ళి, వంట పొయ్యిమీద పడేసి, వారానికోసారి దుమ్ము దులపడమే తప్ప ఎప్పుడూ తెరవని యూనియన్ నిబంధనల పుస్తకం అటకమీంచి దించింది. ఆయన చేతిరాతే. సభ్యులు ఎవరు కావచ్చు అన్నచోట ఒకటే వాక్యం: 'ఈ ఆసుపత్రిలో పనిచేసే ఎవరైనా.' ఆమె దాన్ని మూడుసార్లు చదువుకుంది. ముప్ఫయ్యేళ్ళ కిందట, పొట్టచేతపట్టుకుని వచ్చిన ఒక బాయిలర్ మనిషి ఇంత పెద్ద మాట ఎలా రాశాడా అనిపించి, ఆయన మీద ఎప్పటిదో ప్రేమ పొంగుకొచ్చింది.

"ఈ మాట మీరే రాశారా?" అని అడిగింది అన్నం పెడుతూ.

"మరెవరు? ఊడ్చేవాళ్ళని చేర్చుకోవద్దని కొందరు పట్టుబడితే రెండు రోజులు కొట్లాడి పెట్టించాను" అన్నాడు, ఛాతీ పొంగించి.

"మరి కాంట్రాక్టు పిల్లలు?"

"వాళ్ళ సంగతి వేరు."

"ఎలా వేరు?"

ఆయన కాసేపు ముద్ద కలిపాడు. "కూరలో ఉప్పు తక్కువైంది" అన్నాడు.

గురువారం దుప్పటి మడతల్లో సభ్యత్వ కాగితాలు తిరిగాయి. శుక్రవారం సైరన్ మోగాక ఆమె ఇంటివైపు తిరగలేదు. ఆ సాయంత్రం నలభై ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. ఏడు దాటేదాకా లాండ్రీలోనే ఆగి, పనిలో వేసుకునే నీలం కోట్లు విప్పకుండానే అందరూ సైకిల్ స్టాండు దాటి యూనియన్ గదికి నడిచారు. ముందు కుర్చీల్లో తొమ్మిదిమంది మగవాళ్ళున్నారు. వేదికమీద ఆయన మాట్లాడుతున్నాడు. "ఒకప్పుడు ఈ గది పట్టేది కాదు, జనం కిటికీలెక్కి వినేవాళ్ళు..." అంటూ తలెత్తి, గుమ్మంలో ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉన్న ఆడవాళ్ళని చూసి ఆగిపోయాడు. కుర్చీలు చాలలేదు. కొందరు కిటికీ గట్లమీద కూర్చున్నారు.

"వదినా, మంచివేళకి వచ్చావు. టీ..." అన్నాడు మీసాలాయన.

ఆమె కాగితాల కట్ట తెచ్చి అధ్యక్షుడి ముందు పెట్టింది. "ముప్ఫయ్యొక్క మంది కొత్త సభ్యులు. చేర్చుకున్నాక మూసెయ్యాలో వద్దో ఓటు పెట్టండి."

మీసాలాయన కాగితాలు తిరగేశాడు. "వీళ్ళు కాంట్రాక్టువాళ్ళమ్మా. నిబంధనలు ఒప్పుకోవు."

"అన్నగారున్నారుగా, నిబంధనలు ఆయన రాసినవేగా. ఆయన్నే చదవమనండి" అంది ఆమె, పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి వేదికమీదికి అందిస్తూ. ఇంట్లో మొగుడు, ఇక్కడ అన్నగారు. మిషన్లు లేని ఆ గదిలో తన గొంతు అంత దూరం వెళ్తుందని ఆమె అనుకోలేదు.

ఆయన పుస్తకం పట్టుకున్నాడు. ఈసారి రెండు చేతులతో, రెండు పక్కలా పట్టుకున్నాడు. "ఈ ఆసుపత్రిలో పనిచేసే..." అని ఆగి, గొంతు సవరించుకున్నాడు. "ఎవరైనా" అన్నాడు. వీడ్కోలు ఉపన్యాసం రాసుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

మూసెయ్యడానికి లేచిన చేతులు మూడు. వద్దని లేచినవాటిని లెక్కపెట్టలేక మీసాలాయన రెండుసార్లు తప్పాడు. సోమవారం సూపర్‌వైజరుతో ఎవరు మాట్లాడతారని ప్రశ్న వచ్చినప్పుడు, కిటికీ గట్టు మీంచి పొడుగుపిల్ల, "సెక్రటరీ మాట్లాడాలి. వదినే సెక్రటరీ" అంది. చేతులు మళ్ళీ లేచాయి. ఒకప్పటి పులిని చూశానని చెప్పుకునే ముసలి కాంపౌండరు ఒకాయన రెండు చేతులూ ఎత్తేశాడు.

ఆమెని ముందు కుర్చీలో కూర్చోబెట్టి మినిట్స్ పుస్తకం చేతికిచ్చారు. 'ఆడవాళ్ళకి ఆసక్తి లేదు' అన్న పేజీ తిప్పేసి, కొత్త పేజీలో తారీకు వేసింది. ఇకనుంచి మీటింగు మధ్యాహ్నం భోజనం వేళ, లాండ్రీ హాల్లో, అని మొదటి తీర్మానం రాస్తోంది. అలవాటు చొప్పున గదిలో మగవాళ్ళంతా టీ కోసం ఆమెవైపే చూస్తున్నారు. ఆమె తలెత్తలేదు. కాసేపటికి ఆయన వేదిక దిగాడు. గదిమూల బీరువా తెరిచాడు. ఒక అర చూశాడు, ఇంకో అర చూశాడు, కెటిల్ దొరికింది గానీ ఇంకేదో దొరకలేదు. కెటిల్ చేత్తో పట్టుకునే ఆమె కుర్చీ దగ్గరికి వచ్చి, వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"టీపొడి ఎక్కడుంటుంది?"

"మూడో అరలో, ఎడమపక్క" అంది ఆమె, రాయడం ఆపకుండా, అందరికీ వినపడేలా. "మీరు సెక్రటరీ అయిన రోజునుంచీ అక్కడే ఉంది."