అల్లుడికైనా సరే

“పాస్‌వర్డ్... ఎవరికీ... చెప్పకండి! అల్లుడికైనా సరే!”

ఆయన గొంతు వీధి చివరి సైకిల్ షాపు దాకా వినిపించింది. ఎదురు కుర్చీలో అత్తగారు, ఒలుస్తున్న బఠానీలు ఒళ్ళో వదిలేసి, ఎర్ర ప్లాస్టిక్ గరాటు సన్నమూతి చెవికి ఆనించుకుని వింటోంది. చెవిమిషను కొనిచ్చాడు కానీ, అది గుయ్యిమంటుందని ఆవిడ దాన్ని డబ్బాలోంచి తీయదు.

“ఆఁ, అల్లుడి మాట చేర్చాక బాగా పడింది,” అంది.

కుటుంబాల ఫొటోలు దాచిపెట్టే ఒక వెబ్ యాప్ కంపెనీలో ఆయన చేసే పని, వాడకం షరతులు రాయడం. లాయరమ్మ ఇచ్చిన కొరుకుడుపడని వాక్యాలను మామూలు మనుషుల మాటల్లోకి దించాలి. ఆఫీసులో ఆయన్ని ‘షరతులాయన’ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళు కూడా ఆయన రాసింది ఏనాడూ చదవలేదు. అందరూ వేలితో సర్రున కిందికి లాగి ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కేవాళ్ళే. అడవి గాచిన వెన్నెలంటే ఏమిటో ఆయన్నే అడగాలి.

భార్య పోయినప్పుడు సాయానికి వచ్చిన అత్తగారు ఇక్కడే ఉండిపోయింది. కానీ వాళ్ళిద్దరినీ కలిపి మాట్లాడించే మనిషే లేకుండా పోయింది. చాలాకాలం ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఒకరోజు ఆయన తన రాత తనే గొణుక్కుంటుంటే, “ఏంటది బాబూ, కాస్త గట్టిగా చదవండి” అంది. అప్పట్నుంచి షరతులే వాళ్ళ కబుర్లు. అర్థం కాకపోతే ఆవిడ గరాటు దించేస్తుంది, ఆయన మళ్ళీ రాస్తాడు. వీధికంతా ఆ షరతులు కంఠతా వచ్చేశాయి. పాలాయన కూడా, “ఖాతా మూసే ముందు మాకో మాట చెప్పాలండోయ్” అని ఆటపట్టిస్తాడు.

పాస్‌వర్డ్ దగ్గరికి వచ్చినప్పుడు, “ఎవరికీ అంటే? అల్లుడిక్కూడానా?” అని అడిగింది. “అల్లుడికైనా సరే అత్తయ్యా!” అని అరిచాడాయన. ఇద్దరూ పగలబడి నవ్వారు. భార్య పోయాక ఆ ఇంట్లో నవ్వు వినబడటం అదే మొదటిసారి. అందుకే ఆ మాట అలాగే రాసేశాడు.

ఇవాళ ఆవిడ చిన్నకూతురి ఇంటికి వెళ్ళిపోతోంది. కవలలు పుట్టారు, ఇక అక్కడే ఉంటుంది. ఆ మాటకి కూడా ఇవాళే ఆఖరిరోజులా ఉంది.

“కొట్టేద్దాం సార్,” అంది లాయరమ్మ ఆఫీసులో, ఆ వాక్యం మీద వేలు పెట్టి. మంచి మనిషే, పని తొందర. “ఎవరికీ అంటే చాలదా? మధ్యలో అల్లుడెందుకు? అయినా ఇదంతా ఎవరు చదువుతారు చెప్పండి?”

చదువుతారని చెప్పాలనుంది. ఒక్క మనిషినైనా చూపించలేడు. తల వంచుకున్నాడు.

అప్పుడే ఫోన్లు ఎత్తే అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. “మేడం, కొత్త షరతులు ముందుగా కొంతమందికి పంపాం కదా. వాళ్ళలో ఒకావిడ లైన్లో ఉన్నారు. అల్లుడి సంగతి ఎవరు రాశారో వాళ్ళే మాట్లాడాలంటున్నారు.” స్పీకరు నొక్కింది.

“మా అల్లుడు బంగారం! ఆయనకెందుకు చెప్పకూడదండీ?”

అలవాటు కొద్దీ ఆయన అరిచాడు. “బంగారాన్నైనా పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటాం కదమ్మా!”

అవతల నవ్వు వినిపించింది. “అదీ నిజమే. సరే, పాస్‌వర్డ్ మార్చేస్తాను. మిగతావన్నీ కూడా చదివానండీ. పర్లేదు, మనుషులు రాసినట్టే ఉన్నాయి.”

ఆయన తలెత్తాడు. లాయరమ్మ ఆయన మొహం చూసి, వాక్యం మీద నుంచి మెల్లగా వేలు తీసేసింది. “ఉండనివ్వండి,” అంది.

సాయంత్రం బస్సు కిటికీ దగ్గర నిలబడి, అత్తగారి చెవిలో అరిచాడు. “చదివారు అత్తయ్యా! ఒకావిడ మొత్తం చదివింది!” బస్సంతా తిరిగి చూసింది.

“చదవకేం చేస్తారు, మీరంత గట్టిగా రాస్తే!”

“గరాటు తెచ్చుకోలేదా?”

“అక్కడెందుకు? పసిపిల్లల ఏడుపు అది లేకుండానే వినబడుతుంది. ‘ఈ షరతులు ఎప్పుడైనా మారవచ్చు, మారితే ముందుగా చెబుతాం’ అని మీరే రాశారుగా. మారితే చెప్పండి, వస్తా.” కిటికీలోంచి చెయ్యి చాపి ఆయన తల నిమిరింది. “వేళకి తినండి బాబూ.”

బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

ఇంటికి వచ్చి, దీపం వేసి, కొత్త కాగితం తీశాడు. మొదటి వాక్యం రాశాక, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టే గొంతెత్తి చదివాడు. ఖాళీ కుర్చీలో ఎర్ర గరాటు, వెడల్పుమూతి ఆయన వైపు తిరిగి ఉంది.